తుమ్ముకు ఆగని మగ్గం

సహోదరులారా, సహోదరీలారా, ఈ రోజు నేను మెల్లగా మాట్లాడలేను, కోపంతోనే మాట్లాడతాను, దేవుడు నా కోపాన్ని కూడా ఎరుగును! ధర్మవరంలో మన సంఘ పెద్దగారి మగ్గాల మీద నేను పట్టు నేసేదాన్ని. తెల్లవారితే చాలు తుమ్ములు, ముక్కు కారడం, కళ్లు దురద, నోటితోనే గాలి పీల్చుకోవడం, అట్లాగే ఏండ్లు గడిచాయి. మా పనిలో కొత్త పడుగు పోగులను పాత పోగులకు అతికేటప్పుడు ఎవరైనా తుమ్మితే అందరూ చేతులు తీసేసి, నీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ మొదలుపెడతారు. నేనుంటే ఇక మొదలయ్యేదెప్పుడు! విశ్వాసులకు శకునాలు లేవని ఆదివారం బోధించే పెద్దగారే సోమవారం నన్ను మగ్గం మీద నుంచి లేపారు.

"నీలో దయ్యముండాది మార్తమ్మా, అది పొయ్యేదాకా ఈడికి రావద్దు" అన్నారు.

అంతటితో ఊరుకున్నారా? ప్రార్థన అని పిలిచి ఎండుమిరపకాయల పొగ పెట్టారు! ఊపిరాడని మనిషికి మిరప పొగ! అది ఏ వాక్యంలో ఉంది? తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. ఆ పొగలోనే నేలమీద పడి మొరపెట్టాను: "ప్రభువా, దయ్యమైతే నువ్వే వెళ్లగొట్టు, రోగమైతే వైద్యుని చూపించు, నా మగ్గం నాకియ్యి తండ్రీ!"

ఆయన విన్నాడు, దేవునికే మహిమ! నా భర్త నన్ను బస్సెక్కించి దూరంలో ఉన్న మిషను ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ నా చేతిమీద సూదితో గీరి చూసి, "దయ్యమూ లేదు, గియ్యమూ లేదు, వయ్యారిభామ పుప్పొడి నీకు పడదమ్మా" అన్నారు. రైలు కట్ట పొడుగునా తెల్లపూలతో పెరిగే ఆ పిచ్చిమొక్కే! వారం వారం వచ్చి సూది వేయించుకోలేనంటే, ఆ పుప్పొడితోనే చేసిన చుక్కల మందు ఇచ్చారు. నాలుక కింద వేసుకుని, కాసేపు ఉంచుకుని మింగాలి. ఆ కాసేపూ నోరు కదపకుండా మనసులోనే ప్రార్థించేదాన్ని. మందు వేసుకునేదానికి విశ్వాసమెక్కడిదని పెద్దగారు అందరి ముందూ దెప్పారు. తుమ్ములు ఒక్కసారిగా పోలేదు, ఏడాదికేడాది తగ్గాయి. నేను నేసే చీర అంచు ఇంకెవరి చేతికీ కుదరక ఆయనే నన్ను మళ్లీ పిలిపించారు.

మొన్న కొత్త పడుగు అతుకుతుంటే గట్టిగా తుమ్ము వినిపించింది. అందరి చేతులూ ఆగాయి. తుమ్మింది పెద్దగారు! కళ్లు నులుముకుంటూ, "నీళ్లు తేండప్పా" అని కూర్చోబోయారు.

"ఏం పెద్దయ్యా, ఎండుమిరపకాయలు తెప్పియ్యమంటారా?" అన్నాను.

నేను మాత్రం పోగు వదల్లేదు, అతుకుతూనే ఉన్నాను.

ముందు వరుసలోనే కూర్చున్నారుగా, వినండి పెద్దయ్యా! నా కోపం ఇంకా చల్లారలేదు. అయినా నన్ను విన్న దేవుడు మిమ్మల్నీ వింటాడు, ఆయనను నమ్మండి. రేపు పొద్దున బస్సుకు తయారుగా ఉండండి, ఆసుపత్రికి నేనే తోడొస్తాను.