బస్సులో రాసిన చీటీ

కూర్మన్నపాలెంలో బస్సు నిండా జనం ఎక్కాక, నా కొంగు పట్టుకున్న పాప చెయ్యి లేదని తెలిసింది. వంగి జనం కాళ్ల మధ్య వెతికాను.

"కంగారు పడకమ్మా, ఇక్కడున్నాది," అంది కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ. నిలబడలేని పిల్లల్ని కూర్చున్నవాళ్లు ఒళ్లోకి లాక్కోవడం మా బస్సుల్లో మామూలే. "నీ పిల్లని నాను మోత్తన్నాను గదా, నువ్వు నాకో సీటీ రాసిపెట్టు. రేపు మా ముసలోడి పన్నెండో రోజు. ఆడికిష్టమైనవి బజార్లో మర్సిపోతాను."

తమ్ముడు పోయి ఆర్నెల్లు. అంతకుముందు కథలు రాసేదాన్ని. రాస్తే వాడు లేడని ఒప్పుకున్నట్టేనని భయమేసి మానేశాను. ఇంట్లో వాడి మాట ఎత్తొద్దని పిల్లలకీ చెప్పాను. కానీ ఆవిడకి కాదనలేక పాప బ్యాగులోంచి పెన్సిల్ తీశాను.

"గోంగూర. ఎండు నెత్తళ్ల సేపలు. బీడీ కట్ట."

"బీడీలు కూడానా?"

"అవి లేపోతే కాకి రూపంలో కూడా రాడమ్మా ఆ ముసలోడు!"

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఆర్నెల్లుగా ఏమీ రాయని నా చెయ్యి ఇప్పుడెందుకు ఆగలేదో అదీ తెలియలేదు. మద్దిలపాలెంలో ఆవిడ చీటీ జాకెట్లో దోపుకుని దిగిపోయింది.

ఆ రాత్రి నోటుబుక్కు తెరిచి, 'తమ్ముడికి ఇష్టమైనవి' అని రాశాను. మూడు రాశాక నాలుగోది గుర్తు రాలేదు. ఆర్నెల్లకే మర్చిపోతున్నానా? రాయకపోవడం వల్లేనా?

పొద్దున ఇడ్లీలు పెడుతూ పిల్లలిద్దరితో అన్నాను: "మావయ్యకి ఏవేవి ఇష్టమో మీరు చెప్పండి. నేను రాసుకుంటాను."