జీపులో రెండో బ్యాటరీ

మొన్న అరకులో మా కాఫీ తోట పక్కన విశాఖ నుంచి వచ్చిన దంపతులు మంచం, పొయ్యి, ఫ్రిజ్జు అన్నీ ఉన్న వ్యాను ఒకటి ఆపుకున్నారు. ఇంటి సామాను కోసం మంచం కింద వేరే బ్యాటరీ ఉందట, బండి నడుస్తుంటే దానంతటదే చార్జి అవుతుందట. నాది పుట్టు అనుమానం. బండి ఆగాక ఫ్రిజ్జు ఇంజను బ్యాటరీని కూడా తాగేయదా అని అడిగాను. ఆయన చిన్న డబ్బా ఒకటి చూపించాడు. ఇంజను తిరిగినంతసేపూ అది రెండు బ్యాటరీలనూ కలుపుతుంది, ఆగగానే విడదీస్తుంది. నమ్మకం కుదరక మూడుసార్లు ఇంజను ఆపించి మళ్ళీ వేయించాను. మూడోసారికి ఒకప్పటి నా జీపు గుర్తొచ్చింది.

నా కుర్రతనంలో ఈ కొండల్లో సంతకు వెళ్ళాలంటే జీపు తప్ప గతి లేదు. అలాంటి జీపొకటి నేను నడిపేవాణ్ణి. మా అత్తవారి ఊరు మా ఇంటికి మూడు గంటల నడక దూరాన కొండ మీద, కరెంటు లేని ఊరు, అందుకని వెనక సీటు కింద పాత బ్యాటరీ పెట్టి, ఇంజను బ్యాటరీకి వైర్లతో నేరుగా కలిపేశాను. పగలంతా ఘాట్లో తిరిగేసరికి అది నిండేది. సాయంత్రం అక్కడికి చేరి దాన్నుంచి వైరు లాగితే అత్తగారింట్లో బల్బూ, టేపురికార్డరూ. ఊరంతా వచ్చి కూర్చుంటే నేను పెద్ద ఇంజనీరునైనట్టు మురిసిపోయేవాణ్ణి.

తెల్లారితే మాత్రం సెల్ఫ్ కొట్టినా ఇంజను కదిలేది కాదు. కొండ డ్రైవర్లందరిలాగే జీపును పల్లానికి మొహం పెట్టి ఆపేవాణ్ణి గనుక దొర్లించి స్టార్టు చేసుకునేవాణ్ణి. కాపలాకి జీపులో పడుకునేది నా ఈడువాడే, మా బావమరిది. లైట్లు వేసుకుని నా బ్యాటరీ దించేస్తున్నాడని అనుమానపడి, లైటు స్విచ్చికి సన్నటి దారం కట్టాను. దారం కట్టినట్టే ఉంది, బ్యాటరీ దిగిపోయే ఉంది. అయితే దారం విప్పి మళ్ళీ కట్టేంత తెలివి కూడా ఉందన్నమాట అనుకున్నాను గాని, బల్బూ, టేపురికార్డరూ అదే తీగ మీదుగా ఇంజను బ్యాటరీని కూడా తాగేస్తున్నాయని నాకు తట్టలేదు.

ఒకసారి చోటు లేక జీపును ఎగువకు మొహం పెట్టి ఆపాను. మర్నాడు సంతరోజు, పసుపు బస్తాలతో జనం ఎక్కి కూర్చున్నారు, జీపు కదల్లేదు. అందరి ముందూ బావమరిదిని దొంగ అన్నాను. అతను దుప్పటి మడిచి దిగిపోయాడు. ఆనాటి నుంచి నా బండి ఎక్కలేదు. మా అమ్మాయి పెళ్ళికి కూడా నడిచే వచ్చాడు. వాడికి పొగరని ఇన్నేళ్ళూ మా ఆవిడతో వాదిస్తూనే ఉన్నాను.

వ్యాను వెళ్ళిన మర్నాడే కారు తీసుకుని అతని దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు ఆ కొండ మీది ఊళ్ళో వాకిలి దాకా తారు రోడ్డు, ఇంటింటా కరెంటు. తప్పు నాదేనని, డబ్బా సంగతితో సహా అంతా చెప్పాను. అంతా విని, కాఫీ ఇప్పించి, చెల్లెల్ని చూసి చాలా రోజులైందంటూ మా ఇంటికి బయల్దేరాడు. కారు తలుపు తీసి పట్టుకున్నాను.

"నువ్వు పద బావా, నానొత్తన్నాను" అని రోడ్డు పట్టుకుని నడక మొదలెట్టాడు.