రాయి వినబడలేదన్నాను

టైడా స్టేషనుకి ఎగువన, వానాకాలంలో రైలు పట్టాల మీదకి బండలు జారేవి. అవి జారకుండా కొండకి ఇనుప కడ్డీలు దిగగొట్టే పనిలో నేను చాలా ఏళ్లున్నాను. నడుముకి తాడు కట్టుకుని రాతిగోడ మీద వేలాడుతూ, సుత్తితో కొట్టి రాయిని వినడం నా వంతు. ఖంగుమంటే గట్టిది. బొదబొదమంటే లోపల డొల్ల. గట్టిచోట సున్నం బొట్టు పెట్టేవాణ్ణి. నా బొట్టు పడనిదే ఎవడూ బెజ్జం వేసేవాడు కాదు. ఏటా పని మొదలుపెట్టే రోజు కొండదేవతకి కోడిని కోసి, మొదటి నెత్తురు నా సుత్తికి రాసేవారు.

రెండువేల సంవత్సరం దాటాక ఆ యంత్రం వచ్చింది. ఉక్కు తాళ్ల మీద సాలీడులా దిగేది. లోపల మనిషి ఉండడు. దాని పొట్టలో కంప్యూటరుందట. రాయి ఎంత గట్టిదో, ఎంత బలంగా తొలచాలో, ఎక్కడ ఆగాలో తనే తేల్చుకుంటుందట. జోరు వానలో, మంచులో, మేము రేకుల షెడ్డులో బీడీలు కాలుస్తూ కూర్చునే వేళల్లో కూడా అది పనిచేసేది.

ఆ ఏడు కోడి నెత్తురు దాని ఇనుప కాలికి రాశారు. సుత్తి నా చేతిలోనే ఉంది. ఎవరూ ఇటు చూడలేదు.

నాతోపాటే పనిచేసే నా బావమరిది ఊరుకుంటాడా?

"ఏటి బావా, మొకం అలాగెట్టినావు? ఇంటికి సవితొచ్చినట్టుంది!"

"దానికి సెవులేవిరా? ఏటి ఇంటాది?"

"నీకున్నాయి గదా. కోడికూర ఉడికిందేమో ఇను."

అందరూ నవ్వారు. నాకు కడుపు మండిపోయింది. అది అసూయే. దానికి ఇంకో పేరు పెట్టను.

యంత్రాన్ని నడిపించడానికి వచ్చిన ఇంజనీరమ్మ మంచిదే. కొత్తచోట దాన్ని దించే ముందు నన్నోసారి రాయి చూడమనేది. ఒకరోజు అలాగే చూశాను. సుత్తి తగలగానే తెలిసింది, మూరన్నర లోపల డొల్ల, అందులో నీళ్లు. తొలిస్తే బండ ఊడుతుంది. కింద పట్టాల పక్కన నా బావమరిది రాళ్లు ఏరుతున్నాడు. అదీ చూశాను.

"గట్టిదేనమ్మా. బేగి దించండి," అన్నాను.

అందరి ముందూ దాని పరువు పోవాలి, అంతే నాకు కావలసింది. కింద మనుషులున్నారని తోచలేదంటే అబద్ధం. తోచింది. అయినా అన్నమాట వెనక్కి తీసుకోలేదు.

యంత్రం తొలవడం మొదలుపెట్టింది. కాసేపటికి దానంతటదే ఆగింది. ఎర్రదీపం వెలిగింది. తొలిచే మర మెల్లగా వెనక్కి వచ్చేసింది. బెజ్జంలోంచి బురదనీరు కారింది. ఇంజనీరమ్మ కేకలేసి కిందవాళ్లందరినీ పక్కకి పంపించింది. తర్వాత నా దగ్గరకొచ్చింది.

"తాతా, మీకు వినబడలేదా?"

అబద్ధమాడానని చెప్పాలి, లేదా చెవులు పనికిరావని ఒప్పుకోవాలి.

"ఇనబడలేదమ్మా. సెవులు పోయినట్టున్నాయి."

కిందనుంచి వచ్చిన బావమరిది ఈసారి నవ్వలేదు. నా చెవిని నమ్ముకుని ఏళ్ల తరబడి తాడుకి వేలాడినవాడు వాడు. నన్నోసారి చూసి తల తిప్పుకున్నాడు.

"పోనీలెండి తాతా, ఇక మీరు తాడెక్కక్కర్లేదు," అంది ఆ అమ్మ జాలిగా. మర్నాటి నుంచి రైలొచ్చినప్పుడు జెండా ఊపే పని ఇచ్చారు.

యంత్రం కనిపెట్టినదాన్ని ఆ అమ్మ మాకర్థమయ్యే కొలతల్లో, తెలుగులో కాగితం మీద రాసి షెడ్డు గోడకి అంటించింది. వచ్చినవాడల్లా చదివేవాడు. నేను ఎన్ని రాళ్లు విన్నానో ఏ గోడ మీదా లేదు. ఆ కాగితం ముందు గుడ్డివాడిలా నిలబడలేకే ఆ వయసులో మా కోడలి దగ్గర పలక పట్టాను. పని ముగిసి షెడ్డు విప్పేసిన రోజున కాగితం చింపి తెచ్చుకున్నాను. కూడబలుక్కుని చదవడానికి ఏడాది పట్టింది.

"ఇక్కడ మూరన్నర లోపల డొల్ల ఉంది. యంత్రం గుర్తించింది."

సరిగ్గా మూరన్నర! ఆ ఇనుము మీద మళ్లీ మండింది నాకు. దాని కింద వంకర అక్షరాలతో నేనూ రాశాను: "నాకు ముందే వినబడింది. చెప్పలేదు."

రాసి, బావమరిదికి ఇచ్చాను. వాడికి చదువొచ్చు.