అమ్మవారిని అడిగి కొన్న లాప్‌టాప్

రాజపాళయంలో మా ఆయనది బ్యాండేజీ గుడ్డ వ్యాపారం. పక్క ఊరు సత్రపట్టి మగ్గాల నుంచి తెచ్చి ఊళ్ళూళ్ళా ఆసుపత్రులకు పంపుతారు. అందుకే నా లాప్‌టాప్ మూత దగ్గరి కీలు విరిగినప్పుడు ఆయన దాన్ని రిపేరు షాపుకు తీసుకెళ్ళలేదు. కట్టు కట్టారు. తెల్లటి బ్యాండేజీ, దాని మీద ప్లాస్టరు. "చూడు, ఇంక పదేండ్లు ఆడతాది" అని మురిసిపోయారు కూడా.

అప్పటికే దానికి పదేళ్ళు దగ్గరపడ్డాయి. పెళ్ళికి ముందు నా సంపాదనతో కొనుక్కున్నది. ఫ్యాను మోత మిల్లు మోతే. వైరు కాస్త కదిలితే ప్రాణం పోయేది. దానికి తోడు సున్నా మీట ఊడిపోయింది. నేను రోజూ సాయంత్రం చెన్నై, బెంగళూరు పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. లెక్కల టీచరుకు సున్నా లేకపోతే ఎట్లా అని మొత్తుకుంటే ఆయన నింపాదిగా, "సున్నాకు ఏమి వెల ఉండాది? అది లేకుంటే నష్టము ఏమి?" అన్నారు. ఆయన బిల్లులో చివరి సున్నా ఎగిరిపోతే తెలుస్తుంది ఆ నష్టం.

అసలు బాధ సున్నా కాదు. క్లాసు మధ్యలో తెర నల్లబడిపోయేది. క్లాసులు ఇప్పించే సంస్థ నుంచి ఒక మేడం ఫోను చేసి, ఇంకొక్కసారి ఇట్లా ఆగిపోతే పిల్లల్ని వేరే టీచరుకు అప్పగిస్తామని మర్యాదగానే చెప్పింది. మర్యాదగా చెప్పిన మాటలే ఎక్కువ గుచ్చుకుంటాయి. రోజంతా కాఫీ అయిందా, పప్పు ఉడికిందా అని అడిగేవాళ్ళే నాకు. 'మిస్' అని పిలిచేది ఆ ఒక్క గంటే. అది కూడా పోతుందంటే నిజంగానే ఏడుపొచ్చింది.

కొత్తది కొందామంటే మా ఆయన వద్దనరు. వద్దంటే పోట్లాడొచ్చు. "కొందాము, ఇప్పుడు కాదు" అంటారు. ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, షాపులన్నీ డిస్కౌంటు బోర్డులు కడితే, "ఆడిలో కొత్త వస్తువు ఇంటికి తెస్తారా ఎవురైనా?" అన్నారు. తర్వాతి నెల ఆవణిలో అడిగితే దీపావళికి వెల దిగుతుందన్నారు. దీపావళికి అడిగితే వానలకు సరుకు కదల్లేదన్నారు. మార్గళి, అంటే ధనుర్మాసం, ఎటూ దేవుడి నెల. సంక్రాంతితో తై నెల వచ్చేసరికి సాకులు అయిపోయాయి పాపం. "వయసయిపోయినాదని అమ్మను మారుస్తామా ఏమి?" అనేశారు.

ఆ అమ్మ, అంటే మా అత్త, అక్కడే కూర్చుని మల్లెలు కడుతోంది. "నన్ను ఎందుకురా దీంట్లోకి లాగుతావు? నాకేమన్నా బ్యాండేజీ కట్టినావా?" అంది. ఆనక దారం తెంపి, "చుమ్మా ఊరికే వాదులాట ఎందుకు? గుళ్ళో పువ్వు వేసి చూస్తాము" అని తేల్చేసింది.

పువ్వు వేసి చూడటమంటే మా ఇళ్ళల్లో పెద్ద కోర్టు. ఒక అరటాకు ముక్కలో తెల్లపూలు, ఇంకోదాంట్లో ఎర్రపూలు పెట్టి, పొట్లాలు కట్టి అమ్మవారి పాదాల దగ్గర ఉంచుతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. తెల్లవి వస్తే సరే, ఎర్రవి వస్తే వద్దు. రెండో పొట్లం విప్పకుండా బావిలో వేసేయాలి. మా పెళ్ళి కూడా అట్లా కుదిరిందే. తెల్లవి వచ్చాయట. అమ్మవారు ఇచ్చిన మొగుడు కదా అని ఇన్నేళ్ళుగా సర్దుకుపోతున్నాను. కానీ లాప్‌టాప్‌కు పువ్వేమిటి, విడ్డూరం కాకపోతే! ర్యాము ఎంత ఉండాలో కూడా ఆవిడే చెబుతుందా?

మా ఆయన మాత్రం తెగ సంబరపడ్డారు. ఆయన దృష్టిలో అమ్మవారు కూడా వ్యాపారస్తుల ఇంటి ఆడబిడ్డే, దుబారా ఒప్పుకోదు. "ఎర్రది వచ్చినాదంటే మళ్ళీ ఆడి దాకా నోరెత్తకూడదు" అని నా దగ్గర మాట తీసుకున్నారు.

శుక్రవారం సాయంత్రం క్లాసుకు ముందు గుడికి వెళ్ళాం. పొట్లాలు అత్తే కట్టి తెచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని ఒకటి తీశారు. నా సాయంత్రాలన్నీ ఆ ఆకు ముక్కలో ఉన్నాయి. విప్పారు. చిన్న మల్లెదండ.

ఆయన మొహం చూడాలి! అమ్మవారి వైపు చూశారు, పూజారి వైపు చూశారు. ఎవరూ మాట మార్చలేదు. "సరి, అమ్మే చెప్పినాక ఏమి చేసేది" అని బండెక్కి లాప్‌టాపుల షాపుకు వెళ్ళారు.

రెండో పొట్లం బావిలో వేయమని అత్త నా చేతికిచ్చింది. బావి దాకా వెళ్ళాను. నమ్మకం లేక కాదు, వేళ్ళు ఊరుకోలేదు. విప్పి చూస్తే దాంట్లోనూ మల్లెలే.

వెనక్కి తిరిగేసరికి అత్త నిలబడి ఉంది.

"మా పెళ్ళికి పొట్లాలు కట్టినదీ మీరేనా అత్తా?" అన్నాను.

"నిన్ను చూసినాక ఇంక అమ్మవారిని అడిగేదానికి ఏముండాది?" అంది, సిగ్గేమీ లేకుండా.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళ సర్దుబాటు ఈవిడ చలవా!

"ఈ విద్య మీకు ఎవురు నేర్పినారు?"

"మా నాయన." అత్త బావి గట్టు మీద కూర్చుంది. "టీచర్ ట్రైనింగుకు సీటు వచ్చినాది నాకు. పోవల్నా, పెళ్ళి చేసుకోవల్నా అని పువ్వు వేసినారు. తెల్లది వస్తే పెళ్ళి అన్నారు. తెల్లదే వచ్చినాది. నేనూ నీ మాదిరే ఇంకోటి విప్పి చూసినాను."

ఆ రెండోదాంట్లో ఏముందో నేను అడగలేదు. "మరి ఏం చేసినారు అత్తా?" అన్నాను.

"ఏమి చేసేది? తల్లో పెట్టుకొని పోయి పీటల మీద కూర్చున్నాను."

నా చేతిలోని మల్లెలు తీసుకుని నా జడలో తురిమింది. చీర దులుపుకుని లేచింది.

"పదండి మిస్," అంది. "క్లాసుకు లేటయిపోతాది."