గున్నమ్మ తుంచిన కొసలు

గున్నమ్మత్తకు ఉన్నది అరెకరం. అదీ నాగావళి పక్కన, ఊరి నీరంతా వచ్చి చేరే పల్లంలో. మొగుడు పోయిన ఈ పదకొండేళ్లూ ఆమెకూ, మంచం దిగలేని ఆడపడుచు జగ్గమ్మకూ ఏడాది తిండి ఆ చేనే. నాట్లప్పుడు మిట్ట చేలవాళ్లు పురుగు గుడ్లు పోతాయని నారు కొసలు తుంచి నాటితే, ఈవిడ మాత్రం ఎన్నడూ తుంచేది కాదు.

నాకది ఉత్త మొండితనంలా కనిపించేది. నేను శ్రీకాకుళం కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. నీళ్లలో బతికే మొక్క వేరులో కొన్ని కణాలు తమంతట తామే చచ్చిపోయి ఖాళీలు వదులుతాయనీ, ఆ ఖాళీల గుండానే గాలి వేరు చివరిదాకా దిగుతుందనీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. అలాంటివాడి మాట పక్కింటి ముసలావిడ వినకపోతే ఒళ్లు మండదా? పోయినేడు పురుగు ఆమె పంట సగం తినేసింది. ఈ ఏడు నాట్ల రోజున గట్టు మీద నిలబడి కసిరాను.

“ఈసారైనా కొసలు తుంచత్తా. గుడ్లన్నీ అక్కడే ఉంటాయి.”

“పల్లం కదా బాబూ. నీరొచ్చేస్తే?”

“వస్తే రానీ. వరికి నీళ్లంటే భయమా?”

ఆమె నారుకట్ట చేతిలోకి తీసుకుంది. “సదువుకున్నోడివి. నువ్వు సెప్పినాక ఇంకేటున్నాది,” అని బెత్తెడు మేర తుంచేసింది.

పదో రోజున నాగావళి పొంగింది. నీరు చేలల్లోకి ఎగదన్ని పిక్కల లోతున నిలిచిపోయింది. కొసలు తుంచని పక్క పల్లం చేలల్లో ఆకులు రెండు వేళ్ల మేర నీటిపైన కనిపిస్తున్నాయి. గున్నమ్మత్త చేలో ఒక్క ఆకూ లేదు, అంతా నీరే. గట్టు కొట్టి నీరు వదిలేద్దామంటే అవతలా అంతే నీరు. రోజూ పొద్దున్నే దిగి ఒక మొక్క పీకి, వేరు చిదిమి చూసుకునేది. నేను మొహం చెల్లక దూరంగానే నిలబడేవాణ్ని.

నీరు నిలిచిన ఎనిమిదో రోజున వేరు నల్లబడి కుళ్లు వాసన కొట్టింది. మళ్లీ నాటుదామంటే ఊళ్లో ఎవరి దగ్గరా నారు లేదు. ఆమె ఆ మొక్క తెచ్చి నా అరచేతిలో పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“నొక్కి సూడు బాబూ. లోపల డొల్లగానే ఉన్నాది. దాని పని అది సేసుకున్నాది.”

నొక్కాను. నిజమే.

“ఈ డొల్లలోకి గాలి ఎక్కణ్నుంచి వస్తాదని మీ పిల్లలకి సెప్తావు?”

“నీటిపైనున్న ఆకు నుంచి,” అన్నాను.

ఆమె కొంగుతో చేతుల బురద తుడుచుకుంది.

“అయితే నీకు ముందే తెలుసు కదేటి బాబూ,” అంది.