తాండ ఉంటే ఇంగ్

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు కళ్ళకు వచ్చేది, నోటికి వచ్చేది కాదు. లావుపాటి నవలలు గుట్టుగా చదివేదాన్ని. ఎవరైనా "హలో" అంటే మాత్రం మా అవ్వ వెనక్కి చేరేదాన్ని. (పెళ్ళయ్యాక కూడా. నా అప్పటి డైరీలో రాసి ఉంది.) అటువంటి నేను, ఇంగ్లండులో స్థిరపడిన మా ఆయన దగ్గరికి పోవాలంటే ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష పాసవ్వాలన్నారు. హైదరాబాదులో మొదటిసారి పరీక్ష పెట్టినామె పేరడిగింది. నేను చెప్పింది నాకే వినబడలేదు. ఫెయిల్.

నంద్యాలలో ఒక సారు దగ్గర చేరాను. ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సు. ఆయనకు ఒకటే సూత్రం. "చూడమ్మా, మన మాటలో తాండ ఉంటే ఇంగ్లీషులో ఇంగ్ పెట్టు. పోతాండా, గోయింగ్. తింటాండా, ఈటింగ్. అయిపోయినదాని జోలికి పోవద్దు. వాజ్ అన్నావా, ఆడ్నే తప్పులు మొదలైతాయి."

ఇంట్లో పరీక్ష పెట్టేది అవ్వ. ఆమెకు చెవుడు. వాకిట్లో తిన్నె మీద కూర్చుని ఆకువక్క దంచుకుంటూ, "ఏందీ నీ పేరు? యాడుంటావ్? ఏం చేస్తాండావ్?" అని దొరసానిలా అడిగేది. నేను ఇంగ్లీషులో చెప్పాలి. "ఇనపళ్ళా. గట్టిగా చెప్పు!" వినబడినా ఆమెకు అర్థం కాదు, అయినా వినబడేదాకా వదలదు. "ఐ యామ్ లివింగ్ ఇన్ ఆళ్లగడ్డ" అని వీధంతా దద్దరిల్లేలా అరిచేదాన్ని. ఎదురింటి అత్త, "ఇనపడిందిలే అవ్వా! ఆయమ్మి ఆళ్లగడ్డలోనే ఉండాదంట. వీసా ఇచ్చి పంపీ!" అనేది. "నిన్నడగలేదులే, కూచో," అనేది అవ్వ.

రెండో పరీక్షకు పదకొండు రోజుల ముందు అవ్వ పోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. నేను పరీక్షకు పోనన్నాను. "ఆయమ్మ అంతసేపు తిన్నె మీద కూచునింది ఎందుకనుకున్నావ్? పా," అన్నాడు నాయన.

రెండో పరీక్షలో అడిగారు, మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారని. వాజ్ నాకు తెలుసు. అన్ని నవలలు చదివినదాన్ని, తెలియకేం? కానీ సారు వద్దన్నాడు కదా. "మై గ్రాండ్‌మదర్ ఈజ్ సిట్టింగ్. షీ ఈజ్ చూయింగ్. షీ ఈజ్ ఆస్కింగ్ మై నేమ్" అన్నాను, మా వీధికి వినబడేంత గట్టిగా. పరీక్ష పెట్టినామె ఉలిక్కిపడి, తర్వాత నవ్వి, మీ అవ్వకు నా నమస్కారాలు చెప్పమంది. "షీ ఈజ్ లిజనింగ్" అన్నాను. చెవిటి అవ్వ! పాసయ్యాను.

ఇప్పుడు ఇక్కడే, ఇంగ్లండులో, శాశ్వతంగా ఉండటానికి ఇంకో పరీక్ష, మొదటిదానికంటే పెద్దది. నీకు సాయం చేసిన మనిషి గురించి చెప్పమంటారట. నేను రాసుకున్నది మా ఆయన చూసి, "ఇంకా ఈజ్ ఏందీ? వాజ్ పెట్టు, మార్కులు పోతాయి" అన్నాడు. పెట్టాను. సారుకు, బస్సుకు, "హలో" అంటే దాక్కునే ఆ పిల్లకు కూడా. అవ్వ గురించిన ఒక్క వాక్యం దగ్గర పెన్సిలు ఆగింది. పోతే ఒక మార్కు పోనీ అనుకుని దాన్ని అలాగే గట్టిగా చదివాను.

"ఇనపడిందిలే!" అన్నాడు మా ఆయన పక్కగదిలోంచి.

వినబడాల్సింది ఆయనకు కాదు.