ఓడెక్కిన సీసా... ఎక్కని రెండు వేళ్ల ఆవకాయ

మా చిన్నప్పుడు ఒక ఏడు... హుగ్లీ నది ఒడ్డున, ఖిదిర్‌పూర్ ఓడరేవులో మా డాక్ క్వార్టర్స్ వాళ్లంతా వైశాఖ మాసపు ఎండలో తలెత్తి ఒక రేకుల షెడ్డు వంక చూసేవారు. దాని మీద గడ్డి పరిచిన చిన్న పెట్టె, పెట్టెలో రెండు ఆవకాయ సీసాలు. ఒకటి మా అమ్మది. రెండోది పక్కింటి పైడమ్మత్తది.

ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కెళ్లాలి... ఈ వయసులో నాకు వెనక్కెళ్లడం తప్ప వేరే పనేముంది?

మేమంతా శ్రీకాకుళం వైపు నుంచి డాక్ పనికొచ్చినవాళ్లం. మా నాన్న ఓడల్లోకి సరుకెక్కించేవాడు. టీ పెట్టెలు, జనపనార బేళ్లు... దేశదేశాలకు పోయేవన్నీ ఆయన భుజం మీదుగానే పోయేవి. మా ఇంటిది మాత్రం ఒక్క గింజ కూడా పోలేదు. ఓడ కూత వినబడినప్పుడల్లా అమ్మ దెప్పేది...

"ఊరందరి సరుకూ ఎక్కించీసినావు. మనింటిదొక్కటైనా ఎక్కిందేటి?"

నాన్న బీడీ వెలిగించుకుని అటు తిరిగి కూర్చునేవాడు.

అలాంటి రోజుల్లో భవానీపూర్‌లో దుకాణమున్న ఒక బెంగాలీ బాబు మా వీధికొచ్చాడు. అప్పడాలు, వడియాలు, ఊరగాయలు కట్టి ఓడల మీద మారిషస్‌కి పంపుతాడట. ఎప్పుడో చెరకు తోటలకు వెళ్లిన మనవాళ్ల మునిమనవలు అక్కడున్నారట. తెలుగు మరిచిపోయినా ఆవకాయ మరిచిపోలేదట! మా వీధిలో రెండిళ్ల ఆవకాయ రుచి చూశాడు. రెండూ బాగున్నాయన్నాడు. కానీ తీసుకునేది ఒక్కరి దగ్గరే. సీసాలను కాగితంలో చుట్టి, షెడ్డు మీద ఎండలో పెట్టించాడు. ఓడ కడుపులో వేడి అలాగే ఉంటుందట. తట్టుకున్న సీసాదే ఓడ.

అమ్మ సీసా నింపడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. గరిటె కాడతో ముక్కలు కుక్కి, ఊరి నుంచి తెచ్చుకున్న నువ్వుల నూనె మూతి దాకా పోసింది. మూత బిగిస్తే నూనె పొంగి మోచేతి దాకా కారింది. అది చూసి తృప్తిగా నవ్వుకుంది. ఎవరికేది ఇచ్చినా పొర్లేలా ఇవ్వాలి, వెలితిగా ఇస్తే మన ఇంటికే వెలితి... మా వైపు ఆడవాళ్ల నమ్మకం అది.

పైడమ్మత్త సంగతి వేరు. గిన్నెడు పులుసడిగితే సగం గిన్నె ఇచ్చి, ఆ గిన్నె మళ్లీ ఎప్పుడిస్తావని అడిగే మనిషి. సీసా పైన రెండు వేళ్ల జాగా వదిలేసింది. వీధంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

బాబు ఫలితం చెప్పడానికొచ్చిన రోజు బంద్. బస్సుల్లేవు, ట్రాముల్లేవు. గోడల మీద ఎర్ర రాతలు తప్ప వీధుల్లో ఏమీ లేదు. అయినా ఆ మహానుభావుడు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు! (బంద్ రోజున మా క్వార్టర్స్‌లో జరిగే క్రికెట్ గురించి చెప్పాలంటే ఇంకో రోజు పడుతుంది... సీసా దగ్గరికే వద్దాం.)

పెట్టె దించి కాగితాలు విప్పాడు. అత్త కాగితం పొడిగా ఉంది. మాది నూనెలో నానిపోయింది.

"బౌదీ... తేల్ బేరియే గేఛే" అన్నాడు జాలిగా. వదినా, నూనె కారిపోయింది అని. వేడికి నూనె ఉబ్బుతుందట. సీసాలో దానికి చోటుండాలట. ఒక్క సీసా కారినా పెట్టెంతా పాడట.

అమ్మ మొహం మాడిపోయింది. "ఓలమ్మో... పిసినారితనం ఓడెక్కీసింది సూడండి!" అంది.

ఆ వేసవంతా మా ఇంట్లో కుళ్లే కూర, కుళ్లే చారు. అత్త కొళాయి దగ్గరికొస్తే అమ్మ బిందె తీసుకుని వచ్చేసేది. అత్త కొడుకు సింహాచలం ఓడ కెప్టెన్‌లా నడిచేవాడు.

"ఏరా, మా ఆవకాయ ఫారిన్ ఎల్తంది. మీదేటి, కాకులు తినీసినాయా?"

ఓడ హుగ్లీ ఇసుకలో కూరుకుపోవాలని అమ్మవారికి మొక్కుకున్నాను. ఆవిడ పట్టించుకోలేదు.

సరుకు వెళ్లాల్సిన రోజు పొద్దున్నే అత్త మా గుమ్మంలోకొచ్చింది. సర్దుతుంటే ఒక సీసా చేయిజారి పగిలిందట. జాడీలో ఇంకేం మిగల్లేదట.

"ఒదినా, ఓ సీసా ఇయ్యవా? పెట్టె నిండకపోతే సీసాలు కొట్టుకుని అన్నీ పగుల్తాయంట."

"ఏటీ? పెట్టికి నిండుండాల, సీసాకి ఎలితుండాల? ఇదెక్కడి లెక్కే?"

"నాకేటి తెలుసు... ఆ బాబు సెప్పినాడు."

అమ్మ కొంగు బొడ్లో దోపుకుంది. తర్వాత లేచి జాడీ దించింది. చేతికి అలవాటైన పని కదా... సీసాని మళ్లీ మూతి దాకా నింపేసింది. ఒక్క క్షణం దాని వంకే చూసి, గరిటెతో రెండు వేళ్ల మందం వెనక్కి తీసింది. ఆ తీస్తున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి... ఎవరో నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టు!

తీసిన ఆ కాస్తా వేడన్నంలో కలిపి నాకు ముద్దలు పెట్టింది. అంత రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు నాకు.

సాయంత్రం నాన్న రాగానే అడిగింది. "మన సీసా ఎక్కిందా?"

"పెట్టెలన్నీ ఒక్కలాగే ఉన్నాయే... నానే ఎక్కించినాను. ఏదో దాంట్లో ఉండే ఉంటాది."

ఆ రోజు ఓడ కూత వేసినప్పుడు అమ్మ దెప్పలేదు. వాకిట్లోకొచ్చి నిలబడి, కూత ఆగేదాకా విన్నది.

ఇప్పుడు మాల్‌లో వరసగా ఎక్స్‌పోర్ట్ సీసాలు... అన్నిటికీ కొలిచినట్టు పైన అదే వెలితి. దాన్ని పొరపాటనేవాళ్లూ లేరు, చూసి నవ్వేవాళ్లూ లేరు. నేను మాత్రం ప్రతి సీసా ఎత్తి, ఆ రెండు వేళ్లు ఎవరింట్లో ఎవరు తిన్నారో అనుకుంటాను. ఇక అమ్మ నింపిన ఆ మిగతా సీసా మారిషస్‌లో తిన్నవాళ్లెవరో... వాళ్లంటే నాకిప్పటికీ కుళ్లే.

మీ ఇంటి నుంచి ఏదైనా ఓడెక్కిందా? ఎక్కితే కింద రాయండి... చదివి కుళ్లుకుంటాను.